ఏ యాడ్ నుంచి ఏ ఆర్డర్ వచ్చింది: బుటీక్ వెబ్‌సైటుకు అనలిటిక్స్, సెర్చ్, ఫీడ్ ప్రకటనలు అమర్చుకునే పద్ధతి

కూకట్‌పల్లిలో మీకో మగ్గం వర్క్ బుటీక్ ఉందనుకుందాం. చిన్న వెబ్‌సైటుంది, ఇన్‌స్టా పేజీ ఉంది, గూగుల్ మ్యాప్‌లో పేరుంది. శ్రావణం దగ్గరపడగానే బూస్ట్ బటన్ నొక్కడం, లైకులు రావడం, కార్డులోంచి డబ్బు పోవడం మామూలే. ఆ డబ్బుతో వచ్చిన ఆర్డర్లెన్ని అంటే మాత్రం జవాబుండదు. అందుకే కింది పనులు ఇదే వరసలో చేయండి: ముందు లెక్క, తర్వాత సెర్చ్, ఆఖర్న యాడ్స్. వరస తిరగేస్తే మొదటి నెల బడ్జెట్ ఎక్కడికి పోయిందో ఎవరూ చెప్పలేరు. మీది మెస్ అయినా, కోచింగ్ సెంటరైనా, ఆర్వో సర్వీసైనా సెట్టింగులు దాదాపు ఇవే.

ముందు లెక్క

పాత యూనివర్సల్ అనలిటిక్స్ 2023 జులై 1తో డేటా తీసుకోవడం ఆపేసింది. ఇప్పుడున్నది జీఏ4, అంటే గూగుల్ అనలిటిక్స్ 4: సైటుకి ఎవరొచ్చారు, ఏం చేశారో లెక్కపెట్టే పనిముట్టు. పాత యూట్యూబ్ పాఠాలు చూసి ‘గోల్స్’ ఎక్కడున్నాయని వెతక్కండి, అవి లేవు. వాటి బదులు వచ్చిన ‘కన్వర్షన్స్’ పేరును కూడా 2024లో ‘కీ ఈవెంట్స్’ (మీకు ముఖ్యమైన చర్యలు) అని మార్చారు.

ప్రాపర్టీ (జీఏ4లో మీ సైటు ఖాతా) తెరిచేటప్పుడే టైమ్ జోన్ భారత్, కరెన్సీ రూపాయి పెట్టండి. తర్వాత అడ్మిన్‌లో డేటా రిటెన్షన్‌కి వెళ్లండి. అది మొదట 2 నెలలే ఉంటుంది, 14 నెలలకు మార్చండి. మామూలు రిపోర్టులకు దీనితో పని లేదు గానీ, ‘ఎక్స్‌ప్లోర్’లో లోతుగా చూడాలంటే 2 నెలల కంటే వెనక్కి వెళ్లలేరు. ఆలస్యంగా మారిస్తే అప్పటికే చెరిగిపోయిన డేటా తిరిగి రాదు. కాబట్టి సైటు పెట్టిన రోజే చేయాల్సిన పని ఇది.

తర్వాత మీ సొంత రాకపోకల్ని తీసేయాలి. షాపులో మీరు, మీ డిజైనరు, కౌంటర్ దగ్గర అమ్మాయి రోజంతా అదే సైటు తెరిచి కస్టమర్లకు చూపిస్తుంటారు. చిన్న సైటుకి ఆ ముగ్గురే సగం ట్రాఫిక్. డేటా స్ట్రీమ్‌లోని ట్యాగ్ సెట్టింగుల్లో ‘డిఫైన్ ఇంటర్నల్ ట్రాఫిక్’ తెరిచి షాపు వైఫై ఐపీ ఇవ్వండి. అక్కడితో పని పూర్తయిందనుకునేవాళ్లే ఎక్కువ. నిజానికి డేటా ఫిల్టర్స్‌లో ఆ ఫిల్టరు ‘టెస్టింగ్’లోనే కూర్చుని ఉంటుంది. దాన్ని ‘యాక్టివ్’ చేస్తేనే వడపోత మొదలవుతుంది. బ్రాడ్‌బ్యాండ్ ఐపీ మారుతూ ఉండే రకమైతే అప్పుడప్పుడూ సరిచూసుకోవాలి.

ఇప్పుడు అసలు సంగతి. మీ సైటులో పనికొచ్చే చర్యలు మూడే: వాట్సాప్ బటన్ నొక్కడం, ఫోన్ నంబరు నొక్కడం, మ్యాప్ దారి అడగడం. జీఏ4లోని ‘ఎన్‌హాన్స్‌డ్ మెజర్‌మెంట్’ వేరే సైటుకు పోయే లింకుల్ని, అంటే వాట్సాప్, మ్యాప్ లింకుల్ని, దానంతటదే ‘క్లిక్’ అనే ఈవెంటుగా పట్టుకుంటుంది. ఫోన్ లింకును మాత్రం పట్టుకోదు. మూడూ ఒకే తీరుగా, వేరువేరు పేర్లతో రావాలంటే గూగుల్ ట్యాగ్ మేనేజర్ (సైటు కోడు ముట్టుకోకుండా ఇలాంటి లెక్కలు అమర్చే పనిముట్టు) వాడడం మేలు:

1. వేరియబుల్స్‌లో ‘క్లిక్ యూఆర్ఎల్’ టిక్ చేయండి.
2. కొత్త ట్రిగ్గర్ తీసి ‘జస్ట్ లింక్స్’ రకం ఎంచుకోండి. షరతుగా, క్లిక్ యూఆర్ఎల్ ‘టెల్’ అనే మూడక్షరాలు, కోలన్‌తో మొదలవ్వాలి అని ఇవ్వండి. వాట్సాప్‌కి, మ్యాప్‌కి ఇలాంటివే ఇంకో రెండు.
3. జీఏ4 ఈవెంట్ ట్యాగ్ పెట్టి, ఈవెంటు పేరును ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో, పదాల మధ్య ఖాళీకి బదులు అండర్‌స్కోరుతో రాయండి.
4. ప్రివ్యూలో మీ ఫోన్‌తో నొక్కి చూసి, ఆ తర్వాత ‘సబ్మిట్’ నొక్కండి. ఈ చివరి మెట్టు మర్చిపోతే ప్రివ్యూలో అన్నీ పనిచేస్తాయి, బయట ఏదీ పనిచేయదు.
5. ఈవెంట్లు జాబితాలోకి రావడానికి ఒకట్రెండు రోజులు పట్టొచ్చు. వచ్చాక కీ ఈవెంట్‌గా మార్చి, లెక్కింపు పద్ధతిని ‘సెషన్‌కి ఒకసారి’ (సెషన్ అంటే ఒక మనిషి సైటుకి ఒకసారి రావడం) చేయండి. వాట్సాప్ తెరుచుకోవడం ఆలస్యమైతే జనం బటన్‌ని మూడుసార్లు నొక్కుతారు. లేకపోతే ఒక మనిషి ముగ్గురవుతారు.

ఇక్కడ తరచుగా జరిగే తప్పొకటుంది. వర్డ్‌ప్రెస్ ప్లగిన్‌లో జీఏ4 కోడ్ ఒకటి, ట్యాగ్ మేనేజర్‌లో అదే కోడ్ మరొకటి పడి ప్రతి పేజీ రెండుసార్లు లెక్కకొస్తుంది. గుర్తు పట్టడం తేలిక: ఎంగేజ్‌మెంట్ రేటు 100 శాతానికి దగ్గర్లోకి వెళ్తుంది. జీఏ4 లెక్కలో 10 సెకన్లు ఉన్నా, రెండు పేజీలు చూసినా, ఒక కీ ఈవెంట్ చేసినా అది ‘ఎంగేజ్‌డ్’ సెషనే. ఒకే పేజీ రెండుగా లెక్కపడితే వచ్చినవాళ్లంతా శ్రద్ధగా చూసినట్టే కనిపిస్తారు. ఆ అంకె చూసి మురిసిపోయేముందు సైటు కోడు చూడండి.

అడ్వాన్సు ఆన్‌లైన్‌లో తీసుకుంటుంటే, డబ్బు కట్టి తిరిగొచ్చిన కస్టమరు పేమెంట్ గేట్‌వే సైటు నుంచి కొత్తగా వచ్చినట్టు నమోదవుతారు. ఆ డొమైన్‌ని ‘అన్‌వాంటెడ్ రిఫరల్స్’ జాబితాలో చేర్చండి.

నగరాల రిపోర్టును కొలతగా తీసుకోవద్దు. జీఏ4కి ఊరు తెలిసేది ఐపీని బట్టే. మొబైల్ నెట్‌వర్కులో ఆ ఐపీ వేరే ఊరి ఖాతాలో ఉండొచ్చు కాబట్టి, మియాపూర్‌లో కూర్చుని చూసినావిడ బెంగళూరులోనో చెన్నైలోనో కనిపించడం వింతేమీ కాదు.

లింకులకు పేర్లు, కౌంటర్‌లో రిజిస్టరు

బయట మీరు పెట్టే ప్రతి లింకుకీ యూటీఎం, అంటే ఎక్కడినుంచి వచ్చారో చెప్పే చిన్న తోక, తగిలించండి. ఇన్‌స్టా బయోలోది, యాడ్‌లోది, గూగుల్ మ్యాప్‌లోని షాపు ప్రొఫైల్‌లోది, కార్డు మీద క్యూఆర్ కోడ్‌లోది, అన్నీ. సోర్స్ (ఎక్కడినుంచి), మీడియం (ఏ రకం దారి), క్యాంపెయిన్ (ఏ ప్రచారం), ఈ మూడూ చాలు. పెద్దక్షరం, చిన్నక్షరం వేరువేరుగా లెక్కపడతాయి కాబట్టి అన్నీ ఇంగ్లిష్ చిన్నక్షరాల్లోనే రాయాలని ఒక నియమం పెట్టుకోండి.

మీడియం దగ్గర జాగ్రత్త. డబ్బు కట్టిన యాడ్‌కి మీడియం ‘యాడ్స్’ అని రాసి, సోర్స్ ‘ఇన్‌స్టాగ్రామ్’ అని పెడితే జీఏ4 దాన్ని ‘ఆర్గానిక్ సోషల్’లో పడేస్తుంది. అంటే డబ్బు పెట్టి తెచ్చుకున్నవాళ్లు ఊరికే వచ్చినట్టు కనిపిస్తారు. మీడియం ‘పెయిడ్’తో మొదలైతే ‘పెయిడ్ సోషల్’లోకి వెళ్తుంది. ఇంకొకటి: మీ సైటులోనే ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి ఇచ్చే లింకులకు యూటీఎం పెట్టకండి. అసలు ఎక్కడినుంచి వచ్చారన్న ఆనవాలు చెరిగిపోతుంది.

వాట్సాప్ లింకులో ముందే రాసిపెట్టిన సందేశం ఇవ్వొచ్చు. దాన్లో చిన్న కోడు ఇరికించండి: ‘నమస్తే, బ్రైడల్ బ్లౌజు వివరాలు కావాలి, ఎఫ్1’. సైటుకి ఒక కోడు, యాడ్‌కి ఇంకోటి, గూగుల్ ప్రొఫైల్‌కి మరోటి. కొందరు చెరిపేసి ‘హాయ్’ అని పంపుతారు, ఫర్వాలేదు. ఆర్డరు ఖాయమైనప్పుడు రిజిస్టర్లో తేదీ, మొత్తం, కోడు రాయండి. కోడు లేనివాళ్లను “మా గురించి ఎక్కడ చూశారండీ?” అని ఒక్క మాట అడగండి. ఈ పని మొత్తంలో అన్నిటికంటే విలువైన డేటా ఈ రిజిస్టరే. మిగతావన్నీ దాని పక్కన పెట్టి చూసుకోవాల్సినవే.

సెర్చ్

గూగుల్లో మీ సైటు ఎలా కనిపిస్తోందో చూపే పనిముట్టు సెర్చ్ కన్సోల్. దాన్లో ‘డొమైన్’ రకం ప్రాపర్టీ తీసుకుని, డొమైన్ కొన్నచోట డీఎన్ఎస్ (డొమైన్ చిరునామా సెట్టింగులు)లో టెక్స్ట్ రికార్డు చేర్చి ధ్రువీకరించండి. సైట్‌మ్యాప్ (సైటులోని పేజీల జాబితా) ఇవ్వండి. నెల దాటినా పేజీలు గూగుల్లో రాకపోతే ముందు వర్డ్‌ప్రెస్ రీడింగ్ సెట్టింగులు చూడండి. సైటు కడుతున్నప్పుడు ‘సెర్చ్ ఇంజిన్లు రావద్దు’ అని పెట్టిన టిక్‌ను డెవలపరు తీయకుండా వదిలేసి ఉండొచ్చు. రోబోట్స్ ఫైల్లో అడ్డుకోవడం, ‘నో ఇండెక్స్’ పెట్టడం ఒకటి కాదు. మొదటిది పేజీ చదవకుండా ఆపుతుంది, రెండోది ఫలితాల్లోకి రాకుండా ఆపుతుంది. రెండూ కలిపి పెడితే గూగుల్ ఆ ‘నో ఇండెక్స్’ని చదవనే లేదు, పేజీ చిరునామా ఎక్కడో తేలుతుంది.

ఇక పేజీలు. బ్రైడల్ మగ్గం వర్క్‌కి ఒకటి, సాదా వర్క్‌కి ఒకటి, కంప్యూటర్ ఎంబ్రాయిడరీకి ఒకటి. ప్రతిదాన్లో ధర ఎంత నుంచి ఎంత, ఎన్ని రోజులు పడుతుంది, గుడ్డ కస్టమరు తేవాలా మీరిస్తారా, ఆది బ్లౌజు పంపితే చాలా మనిషి రావాలా, ఊరికి కొరియర్ ఉందా, ఇవి ఉండాలి. ‘ధర కోసం సంప్రదించండి’ అన్న పేజీ ఎవరికీ పనికిరాదు, గూగుల్‌కి కూడా. మియాపూర్, నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్ అంటూ పేట పేరు మాత్రం మార్చి ముప్పై పేజీలు పెట్టమని సలహా ఇచ్చే ఏజెన్సీలుంటాయి. గూగుల్ విధానాల్లో వీటిని డోర్‌వే పేజీలంటారు, స్పామ్ కింద లెక్క. వాటికి డబ్బివ్వకండి.

జనం ‘మగ్గం వర్క్ బ్లౌజ్ నియర్ మీ’ అని ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఎక్కువగా కొడతారు, ‘జీ’ ఒకటి పెట్టేవాళ్లు కొందరు, రెండు పెట్టేవాళ్లు కొందరు. ఆ రెండు వర్ణక్రమాల్నీ గూగుల్ కలిపే చూస్తుంది. వేర్వేరు పేజీలు అక్కర్లేదు. తెలుగు పేజీ పెట్టాలనుంటే వేరే చిరునామాలో, మీరే రాసి పెట్టండి. మెషీన్ అనువాదంలో ‘నెక్ డిజైన్’ ఏమవుతుందో చూసినవాళ్లకే తెలుస్తుంది.

మీ మంచి ఫొటోలన్నీ ఇన్‌స్టాలోనే ఉంటాయి, సైటులో నాలుగు మాత్రమే ఉంటాయి. 2025 జులై నుంచి ప్రొఫెషనల్ ఖాతాల బహిరంగ పోస్టులు సెర్చ్‌లో కనిపించే వీలొచ్చింది గానీ, ఆ క్లిక్కులు వెళ్లేది ఇన్‌స్టాకే. ఫొటోలు సైటులోనూ పెట్టండి: వెబ్‌పీ రూపంలో, వెడల్పు 1080 పిక్సెళ్లు దాటకుండా, ‘ఐఎంజీ’ అంకెల పేరుతో కాకుండా వర్క్ పేరుతో. ఆల్ట్ టెక్స్ట్ (ఫొటోకి రాసే వివరణ)లో కనబడేదే రాయండి. పేజీ తెరవగానే పైన కనిపించే పెద్ద ఫొటోకి లేజీ లోడింగ్ (ఫొటోని ఆలస్యంగా తెరిచే సెట్టింగు) పెట్టకండి. అది పెట్టారంటే పేజీ వేగం అక్కడే దెబ్బతింటుంది. గూగుల్ మంచిదనే హద్దులివి: పెద్ద భాగం కనిపించడానికి 2.5 సెకన్లు, నొక్కితే స్పందనకు 200 మిల్లీసెకన్లు, పేజీ కుదుపు 0.1. ఈ అంకెలు వందమంది వస్తే 75 మందికైనా అందాలి. లెక్క 28 రోజులది కాబట్టి ఇవాళ సరిచేస్తే రేపటికి పచ్చరంగు రాదు.

సెర్చ్ కన్సోల్ చదివేటప్పుడు గుర్తుంచుకోవాల్సినవి కొన్ని. అందులో రోజు అంటే అమెరికా పసిఫిక్ రోజు. మన లెక్కలో మధ్యాహ్నం 12:30కి, అక్కడ చలికాలమైతే 1:30కి మొదలవుతుంది. అందుకే ‘ఆదివారం’ అంకె జీఏ4తో ఎప్పటికీ కలవదు. షాపు పేరుతో వెతికినవాళ్లను ఫిల్టరుతో తీసేసి చూడండి, మిగిలిందే మీ సెర్చ్ కష్టానికి ఫలితం. ఇండియాలో 2024 ఆగస్టులో ఏఐ ఓవర్‌వ్యూలు (ఫలితాల పైన గూగుల్ ఏఐ రాసే జవాబులు) మొదలయ్యాక ‘మగ్గం డిజైన్లు ఎన్ని రకాలు’ లాంటి ప్రశ్నకు జవాబు గూగుల్ పేజీలోనే దొరికిపోతోంది. ఇంప్రెషన్లు (ఫలితాల్లో మీ పేజీ కనిపించిన సార్లు) ఉంటాయి, క్లిక్కులు పడవు. వీటి లెక్కను సెర్చ్ కన్సోల్ మామూలు వెబ్ ఫలితాల్లోనే కలిపేస్తుంది, విడిగా చూపదు. 2025 సెప్టెంబరులో ఇంప్రెషన్లు ఒక్కసారిగా పడినట్టు మీ గ్రాఫులో కనిపిస్తే కంగారొద్దు. ఒకే పేజీలో 100 ఫలితాలు తెచ్చుకునే సదుపాయాన్ని గూగుల్ అప్పుడు ఆపేసింది, ర్యాంకులు చూసే సాఫ్ట్‌వేర్ల వల్ల ఉబ్బిన అంకెలు దిగాయి. మనుషులు తగ్గలేదు.

వీధిలో షాపున్నవాళ్లకు పై మొత్తం కంటే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఎక్కువ పనిచేస్తుందన్నది మా అభిప్రాయం. పేరు బోర్డు మీద ఉన్నట్టే పెట్టండి. ‘బెస్ట్ మగ్గం వర్క్ ఇన్ కూకట్‌పల్లి’ అని తోక తగిలిస్తే నిబంధనలకు విరుద్ధం, ఎదుటి షాపువాళ్లు ఫిర్యాదు చేస్తే ప్రొఫైల్ ఆగిపోవచ్చు. వివరణలో దగ్గరున్న మెట్రో పిల్లర్ నంబరు రాయండి. ఈ ఊళ్లో ఆటోవాడికైనా కొరియర్ అబ్బాయికైనా చెప్పేది అదే కదా. రివ్యూ రాస్తే డిస్కౌంట్ అనడం గూగుల్ ఒప్పుకోదు, ఊరికే అడగడం తప్పు కాదు. ప్రొఫైల్‌లోని వెబ్‌సైటు లింకుకి యూటీఎం మర్చిపోవద్దు, లేకపోతే మ్యాప్ నుంచి వచ్చినవాళ్లు మామూలు సెర్చ్‌లో కలిసిపోతారు.

ఆఖర్న ఫీడ్ యాడ్స్

బూస్ట్ బటన్ వదిలి, ఫేస్‌బుక్, ఇన్‌స్టాల యజమాని మెటా ఇచ్చే యాడ్స్ మేనేజర్‌లోకి రండి. మొదట లక్ష్యం. ‘ట్రాఫిక్’ ఎంచుకుంటే మెటా నిజంగానే ట్రాఫిక్ తెస్తుంది: చవగ్గా, ఏది కనిపించినా నొక్కే అలవాటున్నవాళ్లని. కొనేవాళ్లు కావాలంటే ‘ఎంగేజ్‌మెంట్’ లక్ష్యం కింద మెసేజీలో, లేకపోతే ‘లీడ్స్’ (వివరాలిచ్చి అడిగేవాళ్లు) లక్ష్యమో ఎంచుకోండి.

యాడ్ నొక్కితే నేరుగా వాట్సాప్‌కా, సైటు పేజీకా అన్నది తర్వాతి నిర్ణయం. నేరుగా వాట్సాప్ అయితే సైటు మీదుగా పోరు, జీఏ4లో సున్నా చూపిస్తుంది. అది లోపం కాదు, రిజిస్టర్లోని కోడే ఆధారం. సాదా వర్క్‌కి నేరుగా వాట్సాప్ బాగుంటుంది. బ్రైడల్‌కి మాత్రం ధరలున్న పేజీకి పంపండి. ధర చూసి ఆగిపోయేవాళ్లు అక్కడే ఆగుతారు, “ప్రైస్ ప్లీజ్” సందేశాలకు మీ పూట పోదు. పేజీకి పంపేటట్టయితే పిక్సెల్ (సైటులో జరిగింది మెటాకి చెప్పే కోడు) పెట్టి, వాట్సాప్ నొక్కడాన్ని ‘కాంటాక్ట్’ ఈవెంటుగా పంపండి. అదే సమాచారాన్ని సర్వర్ నుంచి పంపే కన్వర్షన్స్ ఏపీఐ కూడా పెడితే రెండింటికీ ఒకే ఈవెంట్ ఐడీ ఇవ్వాలి, లేకపోతే ఒకటి రెండవుతుంది.

ప్రాంతం దగ్గర ‘హైదరాబాద్’ అని కొడితే తెలంగాణదీ వస్తుంది, పాకిస్తాన్ సింధులోదీ వస్తుంది. చూసి నొక్కండి. అసలు ఊరంతా పెట్టడం కంటే షాపు మీద పిన్ను గుచ్చి చుట్టూ కొన్ని కిలోమీటర్లు ఇవ్వడం నయం. బ్లౌజుకి కొలతలివ్వడానికి ఒకసారి, ట్రయల్‌కి ఒకసారి, తీసుకోవడానికి ఇంకోసారి రావాలి. ఎల్బీనగర్ నుంచి కేపీహెచ్‌బీకి మూడుసార్లు ఎవరొస్తారు? వయసు, ఆసక్తుల్ని మరీ బిగించకండి. ఇప్పటి మెటా యాడ్స్‌లో ఆసక్తులు చాలాచోట్ల సూచనలే, మనిషిని వెతికేది మీ బొమ్మే.

కాబట్టి బొమ్మ మీద కష్టపడండి. ఫీడ్‌కి 4:5, అంటే 1080 × 1350 పిక్సెళ్లు. రీల్స్‌కి 9:16, 1080 × 1920. రీల్‌లో పైన 14 శాతం, కింద 35 శాతం చోటులో అక్షరాలు పెట్టకండి. అక్కడ ఖాతా పేరు, బటన్లు, క్యాప్షన్ వచ్చి కూర్చుంటాయి, మీ ధర వాటి కింద పోతుంది. ఒకే ఫొటోని నాలుగు రంగుల్లో పెడితే నాలుగు యాడ్‌లు కావు. మగ్గం మీద సూది కదిలే వీడియో ఒకటి, పూర్తయిన బ్లౌజు వెనక మెడ దగ్గరగా ఒకటి, ‘ఇంత నుంచి మొదలు’ అని ధర పెద్దగా రాసింది ఒకటి. మూడూ మూడు దారులు. ఎవరి పెళ్లి ఫొటో అయినా వాడేముందు వాళ్లనడిగి వాడండి.

బడ్జెట్ ఊహతో కాదు, లెక్కతో. ఒక యాడ్ సెట్ (ఒకే ప్రాంతం, ఒకే బడ్జెట్ కింద నడిచే యాడ్‌ల గుంపు) ‘లెర్నింగ్’, అంటే ఎవరికి చూపాలో మెటా నేర్చుకునే దశ, దాటాలంటే వారంలో సుమారు 50 ఫలితాలు రావాలి. ఒక మెసేజీకి రూ.40 పడుతోందనుకుందాం. 50 × 40 = రూ.2,000 వారానికి, రోజుకి సుమారు రూ.286. మీ దగ్గర రోజుకి రూ.300 ఉంటే యాడ్ సెట్ ఒక్కటే పెట్టాలి. అదే డబ్బుని ఐదు సెట్లకు పంచితే ఒక్కటీ నేర్చుకోదు. మధ్యలో బడ్జెట్ భారీగా మార్చినా, బొమ్మ మార్చినా లెర్నింగ్ మళ్లీ మొదటికొస్తుంది. మూడు నాలుగు రోజులు చెయ్యి పెట్టకుండా ఉండడమే కష్టమైన భాగం. పైన 18 శాతం జీఎస్టీ ఉంటుంది, రూ.10,000 యాడ్‌కి రూ.11,800. రెగ్యులర్ జీఎస్టీలో ఉంటే పేమెంట్ సెట్టింగుల్లో మీ జీఎస్టీ నంబరు ఇవ్వండి, ఇన్‌పుట్ క్రెడిట్ దొరుకుతుంది. కాంపోజిషన్ పథకంలో ఉంటే దొరకదు.

అంకెలు కలవనప్పుడు

నెలాఖరున మెటా 30 అంటుంది, జీఏ4 12 అంటుంది, రిజిస్టర్లో 9 ఉంటాయి. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు, కొలతలు వేరు. మెటా మామూలుగా నొక్కిన 7 రోజుల్లోపు, ఊరికే చూసిన 1 రోజులోపు జరిగినదంతా తన ఖాతాలో వేసుకుంటుంది. పైగా యాడ్ కనిపించిన తేదీకి రాసుకుంటుంది. జీఏ4కి చూసి వదిలేసిన యాడ్ సంగతి తెలియదు, పని జరిగిన తేదీకే రాస్తుంది. ఇన్‌స్టా లోపలి బ్రౌజరులో చూసి, రాత్రి క్రోమ్‌లో పేరు కొట్టి మళ్లీ వచ్చినావిడ జీఏ4కి ఇద్దరు మనుషులు. ఐఫోన్ సఫారీలో స్క్రిప్టు పెట్టే కుకీకి ఆయుష్షు 7 రోజులే.

లింక్ క్లిక్కులు 400, ల్యాండింగ్ పేజీ వ్యూలు (పేజీ నిజంగా తెరుచుకున్న సార్లు) 180 ఉంటే అది కొలత తేడా కాదు. సైటు తెరుచుకోకముందే జనం వెనక్కి పోతున్నారు, వేగం చూడండి.

తీర్పు చెప్పాల్సింది ఒకే భాగహారం: జీఎస్టీతో కలిపి యాడ్ ఖర్చు, భాగించు రిజిస్టర్లో ఆ కోడున్న ఆర్డర్లు. రూ.11,800కి 20 ఆర్డర్లొస్తే ఒక్కోటి రూ.590. బ్లౌజు రూ.3,500, పూసలు, జరీ, మగ్గం మనిషి కూలీ, కుట్టుకూలీ పోను మిగిలేది రూ.1,200 అనుకుంటే యాడ్ నడవనివ్వొచ్చు. మిగిలేది రూ.600 అయితే మెటా కోసం పనిచేస్తున్నట్టే. మగ్గాలన్నీ రాబోయే మూడు వారాలకు నిండిపోతే లాభమున్నా ఆపేయండి. ముహూర్తానికి బ్లౌజు అందకపోతే పడే ఒక్క స్టార్ రివ్యూ యాడ్ డబ్బుతో పోయేది కాదు.

పాత కస్టమర్ల నంబర్లు మెటాలోకి ఎక్కించి వాళ్లకే యాడ్ చూపాలనుకుంటే ముందు వాళ్ల అనుమతి ఉండాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. చాలా బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. ఆర్డరు రాసుకునేటప్పుడే ‘ఆఫర్లు పంపవచ్చా’ అని ఒక గడి పెట్టుకుంటే ఇప్పట్నుంచే జాబితా సిద్ధంగా ఉంటుంది.

పోయిన సంవత్సరంతో పోల్చేటప్పుడు ఇంగ్లిష్ తేదీలు పెట్టుకుంటే పప్పులో కాలేసినట్టే. శ్రావణం 2025లో జులై 25న మొదలైంది. 2026లో అధిక జ్యేష్ఠం రావడం వల్ల ఆగస్టు 13కి జరిగింది. 2025 ఆగస్టు మొదటి వారానికి వరలక్ష్మీ వ్రతం హడావుడి, 2026లో అదే వారం ఆషాఢం. జీఏ4 ‘అదే కాలం, గత ఏడాది’ అన్న పోలికలో అమ్మకాలు కుప్పకూలినట్టు కనిపిస్తుంది. తేదీల పెట్టెలో ‘కంపేర్’ నొక్కి ‘కస్టమ్’ ఎంచుకుని, 2026 ఆగస్టు 13 నుంచి సెప్టెంబరు 11కి ఎదురుగా 2025 జులై 25 నుంచి ఆగస్టు 23 ఇవ్వండి. మూఢం నెలల్నీ ఇలాగే పంచాంగం పక్కన పెట్టుకుని పోల్చాలి. సెర్చ్ కన్సోల్ 16 నెలల డేటానే ఉంచుతుంది కాబట్టి పండుగ సీజను అయిపోగానే ఆ నెలల ఫైలు డౌన్‌లోడ్ చేసి దాచుకోండి. ఒక్కో ఎగుమతికి 1,000 వరసలే వస్తాయి, పేజీల వారీగా ఫిల్టరు చేసి విడివిడిగా తీస్తే ఇంకొన్ని దొరుకుతాయి.